తీగె తెగితే శ్రుతి ఏమవుతుంది?

పిల్లలూ! క్రీ.పూ. 399లో, ఏథెన్సు చెరసాలలో సోక్రటీసు సాయంకాలం విషం తాగవలసి ఉన్నది. ఆ పగలంతా ఆయన, దేహంతోపాటు ఆత్మ నశించదని మిత్రులకు చెబుతూ కూర్చున్నాడని ప్లేటో తన ‘ఫీడో’ గ్రంథంలో వ్రాశాడు.

సిమ్మియాస్ అనే మిత్రుడికి సందేహం కలిగింది. వాద్యం విరిగితే దాని శ్రుతి కూడా పోతుంది గదా, ఆత్మ కూడా దేహానికి శ్రుతివంటిదే అయితే?

సోక్రటీసు నవ్వి, ప్రశ్న న్యాయమైనదే అన్నాడు. శ్రుతి తీగెలు చెప్పినట్లే వింటుంది, వాటికి ఎదురు తిరగదు. మనిషో, దాహం వేస్తున్నా తాగకుండా తనను తాను నిగ్రహించుకోగలడు. కనుక ఆత్మ శ్రుతివంటిది కాదని ఆయన జవాబు.

ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్ మాత్రం, కంటికి చూపు ఎటువంటిదో దేహానికి ఆత్మ అటువంటిదన్నాడు. కన్ను లేనిదే చూపు ఉంటుందా? మీరే ఆలోచించండి!