ఓడిన ఓట్లకు సభలో చోటేది?

సంపాదక మహాశయా,

2023లో తెలంగాణలో అధికారము చేతులు మారినంతనే ఏకపక్ష ప్రాబల్యము తనంతట తానే అంతరించినదని మీ వ్యాసకర్త గత సంచికలో సంబరపడిరి గాని, ఆ సంబరమును మా భూపాలపల్లి ఓటరు పంచుకొనజాలడు. 2018లో ఇచ్చట కాంగ్రెసు గుర్తుపై గెలిచిన గండ్ర వెంకటరమణారెడ్డిగారు మరుసటి యేడే తెరాసలో చేరిరి. ఆ జూన్‌లో 12 మంది మూకుమ్మడిగా విలీనము కాగా, కాంగ్రెసు శాసనసభాపక్షమున ఆరుగురే మిగిలిరి. ఒక్కడు గోడ దూకినచో అనర్హుడనెడి రాజ్యాంగ దశమ షెడ్యూలు, మూడింట రెండువంతులు కలసి దూకినచో విలీనమని దీవించును గదా!

అసలు రోగమింకను లోతున నున్నది. తెరాసకు 2014లో సుమారు 34 శాతము ఓట్లతో 119లో 63 స్థానములు, 2018లో 47 శాతముతో 88. 2023లో 39 శాతముతో కాంగ్రెసుకు 64, రెండు శాతమే వెనుకబడిన భారాసకు (పేరు మార్చుకొన్న తెరాసకు) 39. జనగామలో కాంగ్రెసుకు, మహబూబాబాదులో భారాసకు పడిన వేలాది ఓట్లు లెక్కింపు బల్ల దాటి రాలేదు.

మహబూబాబాదు గిరిజనులకు కేటాయింపబడుటచేతనే 2009లో మాలోత్ కవితగారు సభకు రాగలిగిరని నా నమ్మకము. జనరల్ స్థానమున లంబాడా ఆడబిడ్డకు టికెట్టిచ్చు పార్టీ యేది? అయినను, రిజర్వేషను సభ్యుని సామాజికవర్గమును నిర్ణయించునే గాని పక్షముల బలమును సరిదిద్దజాలదు. న్యూజీలాండులో 1996 నుండి ఓటరు అభ్యర్థికొకటి, పార్టీకొకటి ఓటు వేయుచున్నాడు. పార్టీ ఓట్ల దామాషాను బట్టియే సీట్ల లెక్క తేలును. నియోజకవర్గముల పునర్విభజన రానున్న యీ తరుణమున, సరిహద్దులతోబాటు ఈ పద్ధతినిగూడ చర్చకు తేవలెను. పార్టీ మారువాడు, విలీనమన్న పేరుతోనైనను, ముందు రాజీనామా చేసి మరల మా గడప తొక్కవలెను.

ఇట్లు,
ఒక పాఠకుడు, భూపాలపల్లి