వెదురు కోత హక్కు అల్లేవాళ్లకే రాయాలి

మేదర్ల మోపును అటవీ చెక్‌పోస్టు దగ్గర ఆపడం, వెదురు లాక్కోవడం, జరిమానా రాయడం. వానలు వెనకపట్టిన ప్రతిసారీ ఇదే తంతు. పడుతున్నవాళ్లకు దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు, చెప్పవలసింది సర్కారుకే. చేట, గంప, తట్ట, జల్లెడ అల్లి బతికే కుటుంబానికి పచ్చి వెదురు కావాలి. బొంగు పచ్చిగా ఉంటేనే కత్తి కణుపులు దాటుకుంటూ చివరిదాకా సాఫీగా దిగుతుంది, బద్ద పలచగా లేస్తుంది, వంచినట్టు వంగుతుంది. ఎండిన బొంగును చీల్చబోతే చీలిక కణుపు దగ్గర పక్కకు పోతుంది, బద్ద పుటుక్కున విరుగుతుంది. అటవీ శాఖ డిపోలో మాత్రం ఎండిపోయిన వెదురును లాట్ల లెక్కన వేలం వేస్తారు. పాతిక బొంగులు చాలిన మనిషి లారీ లోడుకు పాట ఎలా పాడతాడు? కొనే దారి మూసేసి, కోస్తే దొంగ అంటున్నారు.

అడవి పాడవుతుందన్నది పాత సాకు. వెదురు గడ్డి జాతి. వానలకు నేలను చీల్చుకుని వచ్చిన కొమ్ము రెండు మూడు నెలల్లోనే పూర్తి ఎత్తు అందుకుంటుంది. అందుకే వానాకాలంలో పొద జోలికి పోకూడదు. ఆ ఏటి లేత బొంగును కొడితే బద్ద ఎండాక ముడుచుకుపోతుంది, పురుగు పడుతుంది, నష్టం అల్లేవాళ్లకే. చలికాలంలో ముదిరిన బొంగులు ఎంచి, నేలకు జానెడు ఎత్తున కణుపుకు కాస్త పైన కోసి, కొత్తవాటికి ఆసరాగా కొన్ని పాతవి వదిలితే, వచ్చే వానలకు పొద మళ్లీ నిండుతుంది. ఏళ్ల తరబడి కోయని పొద ఎండు బొంగులతో చిక్కుపడి కొత్త కొమ్ముకు సందివ్వదు.

మరి అడవి వెదురును ఊడ్చింది ఎవరు? కాగజ్‌నగర్‌లో, రాజమండ్రిలో కాగితం మిల్లులు దశాబ్దాల పాటు దాన్ని మింగాయి. అప్పుడు ఏ చెక్‌పోస్టూ అడ్డు రాలేదు! కర్ణాటకలో 1970లలో బుట్టలల్లేవాళ్లు వెదురు కరువని మొరపెట్టుకున్నారు. మిల్లులకేమో అదే వెదురు కారుచౌక. అక్కడ పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ పరిశీలిస్తే, పొద మొదట్లోని ముళ్ల కంపను శుభ్రం పేరుతో కొట్టించడమే కొత్త కొమ్ములను పశువుల పాలు చేస్తోందని తేలింది. ఊరివాళ్లు చెప్పిందీ అదే, అటవీ శాఖ చెవిన పెట్టలేదు. తప్పు పైవాళ్లది, శిక్ష మోపు మోసేవాళ్లకు. ఇది అన్యాయం కాదు, దోపిడీ.

చట్టం మారిందంటారు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. కానీ గిరిజనేతరులు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లు, అడవిలో ఉండి దానిమీదే ఆధారపడ్డట్టు చూపాలి. ఊరి చివర కాపురముండే మేదర్లు ఏ కాగితం తెస్తారు? భారత అటవీ చట్టానికి 2017లో చేసిన సవరణ అడవి బయట పెంచే వెదురుకే విడుదల ఇచ్చింది. అది భూమి ఉన్న రైతుకు మేలు, సెంటు లేనివాళ్లకు ఏమొచ్చింది? ఇక, ప్లాస్టిక్ వచ్చాక బుట్టలెవరు కొంటారంటారా? పెళ్లికూతురిని గంపలో తెచ్చే ఇళ్లను అడగండి.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా లేఖా మేంఢాలో 2011లో గ్రామసభ చేతికే వెదురు రవాణా పాసు పుస్తకం ఇచ్చారు. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు? మేదర సంఘాలకు పొదలు కేటాయించి, కార్తీకం నుంచి మాఘం దాకా గ్రామసభ కళ్లెదుట కోసుకోనివ్వాలి. కోత, రవాణా పాసులు గ్రామసభే ఇవ్వాలి. డిపోల్లో వేలానికి ముందే పచ్చి బొంగులు చిల్లరగా అమ్మాలి. వచ్చే గ్రామసభలో ఈ మూడింటిమీదా తీర్మానం పెట్టించండి, నకలు తీసుకుని కలెక్టరుకు అందజేయండి. వచ్చే కోతకాలం లోపే ఉత్తర్వు కావాలని, అది చేతికి వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.