గ్లవుజులకు ముందు దండీలు

కొంతకాలముగా మన చందాపురలో ఒక క్రొత్త వేడుక కనబడుచున్నది. సాయంకాలము కాగానే మేడలమీదను, ఖాళీ స్థలములలోను మన ఇండ్ల బాలురు, కొన్నిచోట్ల బాలికలు సైతము, చేతులకు గ్లవుజులు తొడుగుకొని ముష్టియుద్ధము సాధన చేయుచున్నారు. ఫోనులో చూచినదానిని అనుకరించుటయే గాని నేర్పువారు లేరు. మొదటి వారము పంచింగు బ్యాగు, రెండవ వారము ఒకరి మొగముపై నొకరు గ్రుద్దుకొనుట, మూడవ వారము మణికట్టు వాపు, నాలుగవ వారమునకు గ్లవుజులు అటకెక్కుట. ఇదియే వరుస.

ఈ విషయమున మన సంఘ సభ్యులలో రెండు పక్షము లేర్పడినవి. మర్యాదస్థుల పిల్లలకు ఈ కొట్లాట యేల యనువారు ఒక పక్షము. సంఘనిధితో యంత్రములు కొని వ్యాయామశాల నెలకొల్పవలె ననువారు మరియొక పక్షము. మేము ఈ రెంటితోను ఏకీభవింపజాలము. ఆట మంచిదే. కాని ఆరంభకునకు తొలి సాధనము యంత్రము గాదు, గ్లవుజు గాదు, తన శరీరభారమే. సంఘము ధనము వెచ్చింపదలచినచో ముందుగా గురువునకై వెచ్చింపవలెను.

ముష్టియుద్ధమును కొట్లాట యని త్రోసిపుచ్చు పెద్దలకు నిజామాబాదును గుర్తుచేయుదుము. ఆ పట్టణపు తెలుగుబిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులులోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేత యయ్యెను. ఆ ఊరివాడే యగు మహమ్మద్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంటు నగరమున ప్రపంచ పోటీలలో కంచుపతకము నందెను. నిఖత్‌ను మొదట మైదానమునకు తీసికొనిపోయి పరుగు నేర్పినవాడు ఆమె తండ్రియే. పరుగుతో కాళ్ళు కుదిరిన పిదపనే ఆమె చేతులకు గ్లవుజులు వచ్చినవి. 2017లో భుజమునకు గాయమై, శస్త్రచికిత్స జరిగి, చాలకాలము పోటీలకు దూరమై, మరల లేచి నిలిచిన ధీరురాలామె. అంతటి వారికే భుజము అంత సున్నితమైనపుడు, నిన్న మొన్న గ్లవుజు తొడిగిన పదమూడేండ్ల బాలుని భుజమునుగూర్చి మన మెంత జాగరూకులమై యుండవలెను!

గ్రుద్దు చేతిలో పుట్టునని చూచువారు తలంతురు. అది నిజము గాదు. బలము పాదము నేలను త్రొక్కుటలో మొదలై, తొడ, నడుము, వీపు, భుజముల మీదుగా పిడికిలికి చేరును. నడుమ ఏ ఒక్క భాగము బలహీనమైనను ఆ భారము మణికట్టుమీదను భుజముమీదను పడును. కావున ఆరంభకునకు కావలసినది పెద్ద కండలు గాదు. పాదము మొదలు పిడికిలి వరకు ఒక్కటిగా కదలు దేహము. గుండెపై గొలుసులు త్రెంచిన కోడి రామమూర్తినాయుడు మనకు గర్వకారణుడే. కాని మల్లుని బలము వేరు, మూడు నిమిషముల రౌండు మూడుమార్లు నిలువవలసిన ముష్టియోధుని బలము వేరు.

ఇట్టి దేహము నిచ్చు వ్యాయామములు మనకు క్రొత్తవి గావు. మన తాతలు గరిడీలలో తీసిన దండీలు, బస్కీలు ఇవియే. బెంగుళూరు పాతపేటలలోని గరడిమనెలలో నేటికిని ఇవి సాగుచున్నవి. మాట కన్నడమైనను, తెలుగైనను వ్యాయామ మొక్కటే. ఈ నగరముననే వ్యాయామశాల నడపి, సూర్యనమస్కారములపై గ్రంథము వ్రాసిన కె. వి. అయ్యరు 'శాంతల' వంటి కన్నడ నవలలును రచించెను. దేహసాధన చేయువానికి చదువు రాదను అపోహకు ఆయన జీవితమే సమాధానము.

ఇక వీనిని సాధనలో ఎచ్చట నిలుపవలెనను ప్రశ్న. ఇచ్చటనే చాలమంది పొరబడుచున్నారు. ముందుగా వంద దండీలు తీసి, అలసిన చేతులతో గ్రుద్దులు నేర్వబోదురు. అలసిన చేయి దిగజారును. గడ్డమును కాపాడవలసిన పిడికిలి రొమ్మువద్ద నిలుచును. ఆ తప్పే అలవాటై, మాన్పుట కష్టమగును. కావున విద్య ముందు, బలము తరువాత. మొదటి పది నిమిషములు తాడు దూకుట, కీళ్ళు కదలించుట. పిదప అరగంట నిలుకడ, అడుగులు, సూటి గ్రుద్దులు నేర్చుట. ఆ తరువాతనే పదునైదు, ఇరువది నిమిషములు శరీరభార వ్యాయామములు. కడపట నిదానముగా ఒడలు సాగదీయుట. వారమునకు మూడు దినములు చాలును. నడుమ ఒక్కొక్క దినము విశ్రాంతి యుండవలెను.

ఆరంభకునకు ఈ కొలత సరిపోవును. దండీలు ఎనిమిది, బస్కీలు పదునైదు, ముందునకు అడుగువేసి వంగుట ఒక్కొక్క కాలికి ఎనిమిది, మోచేతులపై ఒడలు నిటారుగా నిలుపు ప్లాంకు ఇరువది సెకండులు. కమ్మి పట్టుకొని వ్రేలాడి, గడ్డము పైకి తేగలిగినన్ని పుల్లప్పులు. తేలేనివాడు వ్రేలాడినను చాలును. ఈ వరుసను నిమిషము విరామముతో మూడుమార్లు చేయవలెను. దండీ ముందునకు నెట్టు కండను పెంచును, పుల్లప్పు వెనుకకు లాగు కండను పెంచును. ఈ రెండవదానిని విడిచిన సాధనలో భుజము ముందునకు వంగి గాయమునకు గురియగును. దండీ నేలమీద చేయలేనివారు అరుగుపై చేతులుంచి చేయవచ్చును. మోకాలు నొచ్చువారు బస్కీని సగమువరకే దిగవలెను. ఇంకను రెండు తీయగల శక్తి యుండగనే నిలుపవలెను. వారమున కొకటి రెండు మాత్రమే హెచ్చింపవలెను. రెండు నెలలకు రూపము కుదిరిన పిదప, మూడు నిమిషములు చేసి ఒక నిమిషము ఆగుచు, పోటీ రౌండు తీరున సాధన చేయవచ్చును.

పైల్వానుల లెక్కలు విని మొదటి దినముననే రెండువందల బస్కీలు తీసి, మరునాడు మెట్లెక్కలేక కూలబడుట వీరత్వము గాదు. పిల్లలు కండ పెంచిన పొడవు పెరుగరను భయమును తల్లిదండ్రులు విడువవలెను. తెలిసినవారి పర్యవేక్షణలో క్రమముగా చేసిన బలసాధన పిల్లలకు హాని చేయదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. నిజముగా భయపడవలసినది తలకు తగులు దెబ్బలకు. గురువు లేని స్పారింగును మేడలపై వెంటనే నిలిపివేయవలెను. తల తిరిగినను, వాంతి వచ్చినను, దృష్టి మసకబారినను ఆట కట్టిపెట్టి వైద్యుని చూపవలెను.

మన తల్లులు, అవ్వలు రాగిచేలలో వంగి, బావినీరు తోడి బ్రతికినవారు. వారికి దండీల అవసరము లేకపోయెను. నేటి మన పిల్లలు బస్సులో కూర్చుండి బడికి పోయి, బడిలో కూర్చుండి, ఇంటికి వచ్చి మరల కూర్చుండుచున్నారు. ఊరిలో పొలములు తరిగి మేడలు పెరిగినవి. 2025లో మెట్రో రైలు బొమ్మసంద్ర వరకు వచ్చినది. నడక యింకను తరుగును. ఈ స్థితిలో పిల్లలు తమంతట తామే చెమటోడ్చెదమని ముందునకు వచ్చుట మన భాగ్యము. దానిని వెక్కిరించి చల్లార్చరాదు, గురువు లేక గాయములపాలు కానీయరాదు.

కావున సంఘ కార్యవర్గమునకు మా సూచన యిది. యంత్రముల కొనుగోలు మాట ప్రస్తుతము కట్టిపెట్టుడు. సంఘ భవనమున వారమునకు మూడు సాయంకాలములు నేల ఊడ్చి, చాపలు పరచి, కొన్ని తాళ్ళు, ఒక గట్టి కమ్మి సమకూర్చుడు. శిక్షణార్హత గల ఒక గురువును నియమింపుడు. బాలికలకును సమానముగా చోటిండు. మొదటి రెండు నెలలు ఎదుటివానిపై చేయి యెత్తరాదని నియమము పెట్టుడు. ఆ రెండు నెలలు ఓపికతో దండీలు తీసిన బిడ్డకే గ్లవుజులు కొని యిండు. వెలగల వస్తువు చేతికి రాకముందే క్రమశిక్షణ ఒంటికి పట్టును. ఆ బిడ్డ విజేత యైనను కాకున్నను, ఈ లాభము మాత్రము తప్పదు.