మన్యంలో కుటీర విడిది: ముందుచూపే క్షేమం

(ప్రత్యేక వ్యాసం)

చలికాలం ప్రవేశించగానే విశాఖ మన్యం వైపు పర్యాటకుల రాక ఊపందుకుంటుంది. అరకులోయ, లంబసింగి, పాడేరు సమీపంలోని వంజంగి కొండలు, రంపచోడవరం ప్రాంతంలోని మారేడుమిల్లి సెలవు దినాలలో కిటకిటలాడుతాయి. పట్టణపు హోటల్ గదికి బదులు, చెట్ల నడుమ చెక్కతోనో వెదురుతోనో కట్టిన కుటీరంలో రెండు రాత్రులు గడపాలన్న ఆసక్తి మధ్యతరగతి కుటుంబాలలో పెరిగింది. ఈ ఆసక్తి గిరిజన ప్రాంతాలకు ఆదాయం తెచ్చిపెట్టగలదనడంలో సందేహం లేదు. అయితే దానితోపాటు మూడు ప్రశ్నలు కూడా తలెత్తుతున్నాయి. వచ్చినవారు క్షేమంగా తిరిగి వెళ్తున్నారా? వారు వెచ్చించే సొమ్ములో కొండవాసులకు దక్కుతున్నదెంత? ఆ కుటీరం నిలిచిన నేల ఎవరిది? కుటీర పర్యాటకం భవిష్యత్తు ఈ ప్రశ్నలకు లభించే సమాధానాలపైనే ఆధారపడి ఉన్నది.

ఎక్కడికి, ఎప్పుడు

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అరకులోయ, అనంతగిరి, చింతపల్లి మండలాలు ఈ జిల్లాలోనివే. విశాఖపట్నం నుండి అరకులోయ సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఈ దారిలోనే టైడా వద్ద రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ 'జంగిల్ బెల్స్' పేరుతో అటవీ విడిదిని నెలకొల్పింది. మారేడుమిల్లిలో అటవీ శాఖ తోడ్పాటుతో స్థానిక గిరిజనుల భాగస్వామ్యంలో పర్యావరణ పర్యాటకం రూపుదిద్దుకున్నది. చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడన్న అర్థంలో ఈ ఊరిని 'కొర్రబయలు' అని కూడా పిలుస్తారు.

నవంబరు నుండి జనవరి వరకు పర్యాటకుల తాకిడి అధికం. వలిసె పూలతో పొలాలు పసుపు పరచినట్లుండేది కూడా ఈ కాలంలోనే. అందువల్ల శని, ఆదివారాలలోను, సంక్రాంతి సెలవులలోను గదులు దొరకడం కష్టం. గది ఖరారు కాకుండానే కుటుంబంతో బయలుదేరి, రాత్రివేళ బస కోసం ఊరూరా వెతుక్కోవడమే చాలా ఇబ్బందులకు మొదటి కారణమవుతున్నది. వారం మధ్యలోని రోజులను ఎంచుకుంటే రద్దీ తగ్గుతుంది, స్థానికులపై నీరు, పారిశుద్ధ్యం రూపేణా పడే భారమూ తగ్గుతుంది.

ఘాట్ రోడ్డు నేర్పిన పాఠం

2021 ఫిబ్రవరిలో అరకు సందర్శించి తిరిగి వెళ్తున్న హైదరాబాద్ పర్యాటకుల బస్సు, అనంతగిరి మండలం డముకు సమీపంలోని మలుపు వద్ద లోయలో పడింది. విహారయాత్ర విషాదాంతమైన ఆ సంఘటన చీకటి పడిన తరువాత జరిగింది. మైదానపు రహదారులకు అలవాటుపడిన డ్రైవరు, ఘాట్ రోడ్డుపై దిగుడులో బ్రేకుపైనే ఆధారపడితే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమో దిగేటప్పుడూ ఆ గేరులోనే నడపాలన్నది కొండదారి డ్రైవర్లు పాటించే నియమం. వేకువజామున పొగమంచు వల్ల ఎదుటి వాహనం కనిపించదు.

కనుక యాత్ర ప్రణాళికలో మొదట నిర్ణయించవలసింది చూడవలసిన ప్రదేశాల జాబితా కాదు, ఘాట్ దాటవలసిన వేళ. పగటి వెలుగులోనే ఎక్కి, పగటి వెలుగులోనే దిగేలా కాలపట్టికను రూపొందించుకోవాలి. ఒకే రోజు బొర్రా గుహలు, అరకు, వంజంగి, లంబసింగి అన్నీ చుట్టి రావాలన్న ఆత్రుత డ్రైవరును నిద్రకు దూరం చేస్తుంది. రోడ్డు ప్రయాణానికి ప్రత్యామ్నాయంగా కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం ఉండనే ఉన్నది. బైలదిల్లా ఇనుప ఖనిజం రవాణా కోసం నిర్మించిన ఈ మార్గంలో, విశాఖపట్నం నుండి అరకు వెళ్లే రైలుకు 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టెను జతచేశారు. వయోవృద్ధులు, పసిపిల్లలు ఉన్న కుటుంబాలకు రైలు ప్రయాణం మేలు.

కుటీరంలో జాగ్రత్తలు

చెక్క కుటీరంలో చలి అధికం. వెచ్చదనం కోసం బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకుని తలుపులు బిగించి నిద్రించడం ప్రాణాంతకం. కుంపటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారు ప్రమాదాన్ని గ్రహించే అవకాశమే ఉండదు. నెగడు వేయాలంటే కుటీరానికి దూరంగా, నిర్వాహకులు చూపిన చోటనే వేసి, పడుకునే ముందు నీటితో పూర్తిగా ఆర్పివేయాలి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం.

మన్యంలో మలేరియా బెడద నేటికీ ఉన్నందున దోమతెర, ఒంటినిండా దుస్తులు తప్పనిసరి. యాత్ర ముగించుకుని ఇంటికి చేరిన కొద్ది వారాలలో జ్వరం వస్తే మన్యం వెళ్లి వచ్చిన విషయాన్ని వైద్యునికి విధిగా తెలియజేయాలి. నిత్యం వాడే మందులు, టార్చిలైటు, తాగునీరు వెంట ఉండాలి. సెల్‌ఫోన్ సిగ్నల్ అందని చోట్లు ఉన్నందున బస చిరునామాను, తిరుగు ప్రయాణ వేళను ఇంటివద్ద ముందుగానే తెలిపి రావాలి. ఎగువన వాన కురిస్తే దిగువన వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి. జలపాతాల వద్ద పాచి పట్టిన బండలపైకి ఎక్కరాదన్న స్థానికుల హెచ్చరికను చాదస్తమని కొట్టిపారేయరాదు.

నేల ఎవరిది

మన్యంలో కుటీర నిర్మాణం కేవలం వ్యాపార విషయం కాదు. షెడ్యూల్డు ప్రాంతాలలో భూమిని గిరిజనేతరులకు బదలాయించడం 1/70గా ప్రసిద్ధమైన భూబదలాయింపు నిబంధనల మేరకు చెల్లదు. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంత గ్రామాల గని లీజులపై తలెత్తిన సమతా కేసులో, ప్రభుత్వం సైతం షెడ్యూల్డు ప్రాంత భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదని సర్వోన్నత న్యాయస్థానం 1997లో తీర్పు చెప్పింది. పర్యాటకం పేరిట ఈ నిబంధనలలో సడలింపు ఉండాలన్న మాట వినిపించినప్పుడు, 2025 ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. 1/70ని మార్చబోమని ముఖ్యమంత్రి అప్పట్లో స్పష్టం చేశారు.

ఈ నేపథ్యంలో గిరిజనుని పేరు కాగితంపైనా, పెత్తనం వేరొకరి చేతిలోనా ఉండే బినామీ కుటీరాలపై నిఘా అవసరం. అటువంటి చోట ప్రమాదం జరిగితే బాధ్యుడెవరో తేలదు. ఆదాయం వస్తే కొండవాసికి అందదు. గిరిజన కుటుంబం తన సొంత నేలపై, తన సొంత ఇంటిలో అతిథికి ఆశ్రయమిచ్చే గృహవసతి విధానం చట్టానికి, ఆదాయానికి పొత్తు కుదర్చగలదు. 2024-29 పర్యాటక విధానంలో రాష్ట్ర ప్రభుత్వం పర్యాటక రంగానికి పరిశ్రమ హోదా కల్పించింది. ఆ హోదా ఫలాలు పెద్ద పెట్టుబడులతో పాటు రెండు గదుల గిరిజన గృహానికీ చేరినప్పుడే విధానం సార్థకమవుతుంది. అందుకు రుణ సదుపాయం, మరుగుదొడ్ల నిర్మాణం, ఆతిథ్యంలో శిక్షణ ముందుగా సమకూరాలి.

యాత్రికుడు సైతం తన వంతు చేయగలడు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీని, తేనెను, పసుపును గిరిజన సహకార సంస్థ విక్రయశాలలలో గాని, సంతలో రైతు వద్దనే గాని కొనుగోలు చేయవచ్చు. వలిసె పొలంలో ఫొటో దిగదలచినవారు ముందు రైతు అనుమతి పొందాలి. అది అలంకారానికి వేసిన తోట కాదు, నూనెగింజల పంట. 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులను కొండపైకి తేకుండుటయే గాక, తెచ్చిన ప్రతి సీసాను, సంచిని తిరిగి తీసుకుపోవాలి.

సమన్వయమే మార్గం

పర్యాటక శాఖ గదులను, రవాణా శాఖ వాహనాలను, అటవీ శాఖ అడవిని, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ప్రజల బాగోగులను చూస్తాయి. యాత్రికునికి మాత్రం ఇవన్నీ ఒకే ప్రయాణం. పొగమంచు, వాగుల ఉధృతి, ఘాట్‌లో రద్దీపై సమాచారం బయలుదేరే ముందే అతనికి ఒకే చోట లభించాలి. కొండ దిగువన శృంగవరపుకోట వద్దనే వాహనాల తనిఖీ జరిగితే లోపాలున్న బస్సు ఘాట్ ఎక్కదు. ప్రతి చలికాలమూ 'ఆంధ్రా కశ్మీరం' శీర్షికన లంబసింగి మంచు ఛాయాచిత్రాలను ప్రచురించే పత్రికలు, వాటి పక్కనే ఘాట్ జాగ్రత్తలకు కొద్దిపాటి చోటు కేటాయిస్తే అది ప్రజాసేవ కాగలదు.

కుటీరంలో గడిపే రెండు రాత్రుల ఆనందానికి రెండు వారాల ముందస్తు సన్నాహం పెద్ద శ్రమ కాదు. అతిథి క్షేమంగా ఇల్లు చేరాలి, ఆతిథ్యమిచ్చిన గిరిజనుని చేతిలో న్యాయమైన ప్రతిఫలం మిగలాలి, అతని కాళ్ల కింది నేల అతనిదిగానే ఉండాలి. మన్యం పర్యాటకం విజయానికి ఈ మూడే కొలమానాలు.