చార్జి చేతికి రాకముందే చదువు: ప్రధానోపాధ్యాయుల స్నాతకోత్తర శిక్షణ కోసం

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయ పదవి పదోన్నతి ద్వారా లభిస్తుంది. ఏళ్ల తరబడి గణితమో, సాంఘిక శాస్త్రమో బోధించిన స్కూల్ అసిస్టెంటు సీనియారిటీ జాబితాలో వంతు రాగానే కౌన్సెలింగ్‌కు హాజరై, ఖాళీల్లో ఒక బడిని ఎంచుకుని, ఉత్తర్వు అందుకున్న కొద్ది రోజుల్లోనే అక్కడ చార్జి తీసుకుంటారు. ఆ సంతకంతోనే పిల్లల చదువు, తోటి ఉపాధ్యాయుల పని, జీతాల బిల్లులు, మధ్యాహ్న భోజనం, భవనాల మరమ్మతులు, తల్లిదండ్రుల ఫిర్యాదులు అన్నీ వారి మీద పడతాయి. పాఠం చెప్పడం ఒక వృత్తి, పదిమంది చేత బాగా పాఠం చెప్పించేలా బడిని నడపడం మరొక వృత్తి. మొదటిదానికి బీఎడ్ తప్పనిసరి చేసిన వ్యవస్థ రెండోదానికి ఏ చదువూ కోరడం లేదు. ప్రధానోపాధ్యాయులు, మండల విద్యాధికారులు, ఆపై స్థాయి విద్యా పరిపాలకులు బాధ్యతలు స్వీకరించకముందే, పూర్తి జీతంతో, విశ్వవిద్యాలయ స్థాయిలో ఏడాది పాటు స్నాతకోత్తర డిప్లొమా చదివే ఏర్పాటును ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు చేయాలన్నది ఈ కరపత్రం కోరిక.

ఇప్పుడు పదోన్నతికి ముందు రాయవలసినవి డిపార్ట్‌మెంటల్ టెస్టులు. గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టులోని 88, 97 కోడ్ పేపర్లు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టుకు చెందిన 141 కోడ్ పేపరు అంటే తెలియని స్కూల్ అసిస్టెంటు ఉండరు. వాటిలో ఉండేది శాఖాపరమైన నియమాలు, ఖాతాల పద్ధతి. ఈ పరిజ్ఞానం తీసిపారేయదగినది కాదు, ఎందుకంటే ప్రధానోపాధ్యాయులు డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ అధికారి కూడా, అంటే సిబ్బంది జీతభత్యాలను ఖజానా నుంచి డ్రా చేసే అధికారం, అందులో పొరపాటు జరిగితే జవాబు చెప్పుకునే బాధ్యత రెండూ ఉన్నవారు. ఇంక్రిమెంట్ల లెక్క, సెలవుల నిబంధనలు వారికి తెలియకపోతే నష్టపోయేది తోటి ఉపాధ్యాయులే. అయితే శాఖ దేని మీద పరీక్ష పెడుతుందో దానినే ఉద్యోగి తన అసలు పనిగా భావించడం సహజం. నిబంధనల మీద మాత్రమే పరీక్ష పెట్టి, ఆ తరువాత ప్రధానోపాధ్యాయులు ఫైళ్లకే పరిమితమయ్యారని, క్లాసుల వైపు తొంగి చూడడం లేదని నిందించడం న్యాయం కాదు.

తరగతి పరిశీలననే తీసుకుంటే ఈ లోటు ఎంతటిదో కనిపిస్తుంది. ఏడో తరగతిలో భిన్నాల కూడిక జరుగుతున్నప్పుడు ప్రధానోపాధ్యాయులు వెనక బెంచీ మీద కూర్చున్నారనుకుంటే, బోర్డు మీద లెక్క సరిగానే ముగుస్తుంది, పిల్లలంతా ఒక్క గొంతుతో జవాబు చెబుతారు, పరిశీలన రిజిస్టరులో బోధన సంతృప్తికరమని రాసి సంతకం పెడితే పని పూర్తవుతుంది. శిక్షణ పొందిన కన్ను బోర్డు మీద కాక నోటుపుస్తకాల మీద నిలుస్తుంది. 1/2కు 1/3 కలిపి 2/5 అని రాసుకున్న పిల్లలు ఎందరు, పై అంకెలను పై అంకెలతో, కింది అంకెలను కింది అంకెలతో కూడేస్తున్నారన్న సంగతి ఉపాధ్యాయుడి దృష్టికి వచ్చిందా, నిన్నటి దాకా ఒకే స్టాఫ్ రూములో పక్కపక్కన కూర్చున్న సహోద్యోగికి ఆ మాటను నొప్పించకుండా ఎలా చెప్పాలి, రెండు వారాల తరువాత మళ్లీ వచ్చి ఏం చూడాలి అన్నవన్నీ నేర్చుకుంటే వచ్చే నైపుణ్యాలు. విద్యాశాస్త్రం దీనినే బోధనా నాయకత్వం అంటుంది, అంటే అధికారంతో కాక పాఠం మీది అవగాహనతో ఉపాధ్యాయుల పనిని మెరుగుపరచడం. సీనియారిటీతో అనుభవం వస్తుందేగానీ ఈ నైపుణ్యం దానంతటదే రాదు.

ఇది ఊహ మీద నిలిచిన వాదన కాదు. విద్యా పరిశోధకుడు కెనెత్ లీత్‌వుడ్ బృందం 2004లో అంతవరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, పిల్లల చదువుపై ప్రభావం చూపే పాఠశాల అంశాల్లో తరగతి బోధన తరువాతి స్థానం నాయకత్వానిదేనని తేల్చింది. ఆర్థికవేత్తలు నికొలస్ బ్లూమ్, రెనాటా లెమోస్, రఫాయెల్లా సాదున్, జాన్ వాన్ రీనెన్ 8 దేశాల్లో 1,800కు పైగా బడుల నిర్వహణ పద్ధతులను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, నిర్వహణ బాగున్న బడుల్లో పిల్లల ఫలితాలూ మెరుగ్గా ఉన్నాయని తేలింది. ఆ 8 దేశాల్లో నిర్వహణ మార్కులు అన్నిటికన్నా తక్కువ వచ్చింది భారతదేశానికి.

అదే సమయంలో మధ్యప్రదేశ్ అనుభవాన్ని మరువకూడదు. ఆంధ్రప్రదేశ్ బడులపై ఏళ్ల తరబడి పరిశోధన చేసిన కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్‌తో కలిసి 2020లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, అక్కడ బడులు తమను తాము మూల్యాంకనం చేసుకుని అభివృద్ధి ప్రణాళికలు రాసుకునే కార్యక్రమం నడిచింది, ప్రణాళికలు తయారయ్యాయి, కానీ బోధనలోగానీ పిల్లల అభ్యసనలోగానీ మార్పు కనిపించలేదు. కాగితం నింపించే శిక్షణ కాగితానికే పరిమితమవుతుందన్న ఈ హెచ్చరికను పక్కన పెట్టి రూపొందించే ఏ కోర్సూ ప్రజాధనానికి తగిన ఫలితం ఇవ్వదు.

అవసరాన్ని దేశం ఏనాడో గుర్తించింది. కొఠారీ కమిషన్ 1966లోనే విద్యా పరిపాలకుల కోసం జాతీయ స్టాఫ్ కాలేజీని సిఫారసు చేసింది. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థకు 2006లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది, 2012లో అందులో పాఠశాల నాయకత్వ జాతీయ కేంద్రం ఏర్పడింది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం విద్యా నిర్వహణలో దూరవిద్య డిప్లొమా నడిపింది. 2019లో మొదలైన జాతీయ శిక్షణ కార్యక్రమం నిష్ఠ లక్షలాది ఉపాధ్యాయులకు చేరింది, 2020 జాతీయ విద్యా విధానం ప్రధానోపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. కానీ ఇవన్నీ పదవిలో ఉన్నవారికి ముక్కలు ముక్కలుగా అందేవి, లేదా ఆసక్తి ఉన్నవారు సొంత ఖర్చుతో చదివేవి. సింగపూర్ మాత్రం ప్రిన్సిపాల్ పదవికి ఎంచుకున్నవారిని ముందుగానే 6 నెలల పూర్తికాల కోర్సుకు పంపుతుంది. క్రమం అలా ఉండాలి.

డిప్లొమాలో సగం కాలం విశ్వవిద్యాలయంలో, మిగతా సగం మంచి పేరున్న ప్రధానోపాధ్యాయుల దగ్గర, ఒక బడి నడిచే తీరును వెన్నంటి చూస్తూ గడవాలి. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల విద్యా విభాగాలు, మాసబ్ ట్యాంక్, రాజమహేంద్రవరంలలోని ప్రభుత్వ ఉన్నత విద్యా అధ్యయన సంస్థలు దీనికి వేదిక కాగలవు. పాఠ్యాంశాలు తెలుగులో ఉండాలి. తరగతి పరిశీలన, మార్కుల పట్టికల నుంచి వెనకబడిన పిల్లలను గుర్తించడం, పాఠశాల యాజమాన్య కమిటీతో కలిసి పనిచేయడం, బడ్జెట్టు, చట్టం అన్నీ అందులో భాగం కావాలి. చట్టం దగ్గర కాస్త ఆగవలసి ఉంది: 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తన సిబ్బందిలో ఒకరు బిడ్డపై చేసిన లైంగిక నేరాన్ని పోలీసులకు తెలియజేయని సంస్థాధిపతికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు, ఏడుస్తూ గదిలోకి వచ్చిన ఆడపిల్లతో మొదటి పది నిమిషాలు ఎలా మాట్లాడాలో, ఏమేమి అడగకూడదో ఆ పదవిలోకి వచ్చేవారికి ముందే నేర్పకపోవడం ఆ బిడ్డకు చేసే అన్యాయం.

ఉపాధ్యాయ సంఘాలకు ఉండే అనుమానం అర్థం చేసుకోదగినదే. ప్రభుత్వ, పంచాయతీరాజ్ ఉపాధ్యాయుల ఏకీకృత సర్వీసు నిబంధనల వివాదం కోర్టుల్లో నలిగి పదోన్నతులు ఏళ్ల తరబడి నిలిచిపోయిన అనుభవం ఉన్నవారికి, కొత్త కోర్సు అంటే కొత్త అడ్డంకి అనే భయం కలుగుతుంది. అందువల్ల ఈ ప్రతిపాదనలో వడపోత పరీక్ష లేదు, సీనియారిటీ చెక్కుచెదరదు. పదోన్నతికి అర్హుల ప్యానెల్ సిద్ధమైన వెంటనే అందులోనివారు వరుస ప్రకారం ఆన్‌డ్యూటీపై శిక్షణకు వెళ్లి, ముగించుకుని వచ్చి చార్జి తీసుకుంటారు. వారి క్లాసులు ఖాళీ కాకుండా ఆ ఏడాదికి తాత్కాలిక బోధకులను పెట్టడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చును ప్రభుత్వాలు భరించక తప్పదు.

మండల విద్యాధికారుల విషయంలో అవసరం మరింత తీవ్రంగా ఉంది. సొంత బడికి ప్రధానోపాధ్యాయులుగా ఉంటూనే, పూర్తి అదనపు బాధ్యతల పేరుతో మండలంలోని బడులన్నిటినీ చూడవలసిన స్థితి ఎందరికో ఎదురైంది. పర్యవేక్షణ అంటే యాప్‌లో వివరాలు పంపని బడులకు ఫోన్ చేయడంగా కుదించుకుపోవడానికి అది ఒక కారణం. మండలాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని ఏ బడిలో ఏ తరగతి ఎందుకు వెనకబడిందో అధ్యయనం చేసే పత్రం వారి డిప్లొమాలో తప్పనిసరి కావాలి. ప్రాథమిక పాఠశాలల ఎల్ఎఫ్ఎల్ (లో ఫిమేల్ లిటరసీ) ప్రధానోపాధ్యాయులను రెండో దశలో చేర్చుకోవచ్చు.

తదుపరి పదోన్నతుల షెడ్యూలు వెలువడకముందే రెండు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖలు విశ్వవిద్యాలయాలతో, ఉపాధ్యాయ సంఘాలతో ఒకే బల్ల దగ్గర కూర్చుని పాఠ్య ప్రణాళికను ఖరారు చేయాలి. సంఘాలు తమ వినతిపత్రాల్లో బదిలీలు, కరువు భత్యం పక్కన ఈ డిమాండునూ చేర్చాలి. యాజమాన్య కమిటీల్లోని తల్లిదండ్రులు తీర్మానం చేసి మండల కార్యాలయానికి పంపాలి. మొదటి బ్యాచ్ చిన్నదైనా సరే, అందులో ఏజెన్సీ మండలాల బడులకు వెళ్లబోయేవారికి ముందుగా చోటు దక్కాలి, ఎందుకంటే పక్క బడి హెడ్మాస్టరును అడిగి నేర్చుకునే అవకాశం అక్కడ పనిచేసేవారికే అందరికన్నా తక్కువ.