రౌటర్ తప్పా, వాడ దాకా రాని తీగ తప్పా?

స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు చివరి రోజు. కుల ధ్రువపత్రం అప్‌లోడ్ సగంలో ఉండగా నెట్ పోయింది. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే ఎప్పుడూ చెప్పే మాటే: "రౌటర్ ఆపి ఆన్ చెయ్." చేశాం, రాలేదు. మళ్లీ చేస్తే, "మీ వాడలో అందరికీ అంతే కదా!" అన్నాడు. ఈ రెండు జవాబుల్లో మొదటిది సాంకేతికం, రెండోది సామాజికం. మొదటిదాన్ని మనమే పరీక్షించి పక్కన పెడితేనే రెండోదాన్ని నిలదీయగలం.

ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. ఫైబర్ పెట్టె మీద 'ఎల్‌ఓఎస్' అన్నచోట ఎర్ర లైటు వెలిగితే ఇంటికి కాంతి సంకేతమే అందడం లేదని అర్థం. తీగ తెగి ఉండాలి, బాగా వంగి ఉండాలి, లేదా కనెక్టర్ వదులై ఉండాలి. ఇంట్లో తీగ సరిగ్గానే ఉంటే చూడాల్సింది బయటే. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపినా లాభం లేదు.

ఎర్ర లైటు లేకుండా నెట్ నెమ్మదిస్తే, ల్యాప్‌టాప్‌కు కేబుల్ తగిలించి స్పీడ్ చూడండి. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్ పట్టుకుని రౌటర్ పక్కనే నిలబడి చూడండి. అక్కడ బాగుండి వెనక గదిలో మందగిస్తే సమస్య వైఫైది. రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి ఎత్తులో పెట్టండి. గోడలు దాటడానికి 5 గిగాహెర్ట్జ్ కంటే 2.4 నయం. కేబుల్‌తోనూ అంతే ఉంటే రౌటర్ సెట్టింగ్స్‌లో 'ఆర్‌ఎక్స్ పవర్' చూడండి. అది మైనస్ 27 డీబీఎం దాటి మైనస్ 28, 29కి పడిపోతే సంకేతం బలహీనంగా వస్తోంది.

తర్వాత పక్కిళ్లను అడగాలి. ఒక స్తంభం మీది స్ప్లిటర్ నుంచే చాలా ఇళ్లకు తీగలు వెళ్తాయి. అందరికీ ఒకే నిమిషంలో పోతే లోపం మీ ఇంట్లో లేదు. రోజూ రాత్రి 7 నుంచి 11 దాకా మాత్రమే మందగిస్తుంటే, ఉన్న సామర్థ్యాన్ని ఎక్కువ మందికి పంచుతున్నారేమోనని అనుమానించాలి. మీ ఇంట్లో ఇన్వర్టర్ నడుస్తున్నా, ఊళ్లో కరెంటు పోగానే నెట్ పోతుంటే ఆపరేటర్ దగ్గర బ్యాకప్ ఉందో లేదో అడగాలి. వారం రోజులు తేదీ, సమయం, లైటు రంగు, స్పీడ్ ఒక నోటు పుస్తకంలో రాయండి. 2023 నుంచి ప్రభుత్వ నిర్వచనం ప్రకారం డౌన్‌లోడ్ వేగం కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్.

ఇంత లెక్క మనకెందుకు? ఊరూవాడా నెట్ వచ్చిందని ప్రకటనలు చెబుతాయి. వచ్చింది ఊరికి. 2011లో ఆమోదించిన, తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకానికి లక్ష్యం గ్రామ పంచాయతీ. పంచాయతీ ఆఫీసు దాకా తీగ వస్తే ఊరు లెక్కలోకి ఎక్కినట్టే. వాడకు విడిగా లెక్క లేదు. 2023లో సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయలతో పథకాన్ని సవరించి, పంచాయతీ కేంద్రం కాని గ్రామాలకు అడిగితే కనెక్షన్ ఇస్తామన్నారు. అక్కడా లెక్క గ్రామానిదే. రోడ్డు, నల్లా, వీధి దీపం చివరిగా చేరిన చోటికే ఈ తీగా చివరిగా వస్తోంది.

దీని ధర మనకు తెలుసు. 2020 జూన్‌లో కేరళలో ఒక దళిత బాలిక ఆన్‌లైన్ తరగతులకు దూరమై ప్రాణం తీసుకుంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేదు, ఉన్న టీవీ పనిచేయడం లేదు. అంతకు ముందు ఏడాదే, 2019లో, అదే రాష్ట్ర హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటు విద్యా హక్కులో భాగమని చెప్పింది. తీర్పు ఉన్నా, బాగుచేసే నాథుడు లేడు.

కాబట్టి ఫిర్యాదు నోటిమాటగా వద్దు. బిల్లు మీదున్న కంపెనీ కస్టమర్ కేర్‌కు చెప్పి డాకెట్ నంబర్ తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు. టెలికాం ఫిర్యాదులను వినియోగదారుల కమిషన్ వినవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. పంచాయతీ దాకా వచ్చిన ఫైబర్ నుంచి వాడకు ఎన్ని కనెక్షన్లు ఇచ్చారో సమాచార హక్కు కింద అడగండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకూ రుసుము లేదు.

ఒక్క ఇంటి ఫిర్యాదుకు 'రౌటర్ ఆపి ఆన్ చెయ్' అంటారు. ఒకే స్తంభం కింది పది ఇళ్లు ఒకే సమయం రాసిన పది కాగితాలు తీసుకెళ్తే ఆ మాట అనలేరు. వాడలో చదువుకుంటున్న పిల్లలు ఈ వారమే ఆ నోటు పుస్తకం మొదలుపెట్టాలి. వచ్చే ఏడాదీ రెన్యువల్‌కు చివరి రోజు ఉంటుంది.