ఆ సెట్టు బందరు గదులకు పనికిరాదు

ఇంట్లో కూర్చుని వీడియో కాల్ మాట్లాడాలన్నా, పాఠం రికార్డు చేయాలన్నా రింగ్ లైటు, స్టాండు మైకు, గోడకు నల్ల ఫోమ్ ముక్కలు ఉండి తీరాలని రీల్సు ఊదరగొడుతున్నాయి. అది నమ్మి బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో కుర్రాళ్లు సెట్టు మొత్తం తెప్పించుకుంటున్నారు. అయినా అవతలివాళ్లు "నూతిలోంచి మాట్లాడుతున్నావా?" అని అడుగుతూనే ఉన్నారు. అడగరూ మరి! సలహా ఇచ్చినవాళ్లకు మన గదులు తెలియవు.

పైన స్లాబు, కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు, నడినెత్తిన ఫ్యాను. అన్న మాట గోడ గోడకూ కొట్టుకుని తిరిగి మైకులోకే వస్తుంది. పల్చటి ఫోమ్ ముక్కలు నాలుగు అంటిస్తే సకారాల పదును తగ్గుతుందేమో కానీ గొంతులోని బరువైన మోత ఎక్కడికీ పోదు. కోడిగుడ్ల అట్టల సంగతి ఎత్తకపోవడమే మంచిది. హాలు వదిలేసి, పరుపున్న పడగ్గదిలో చిన్న బల్ల వేసుకోండి. కుర్చీ వెనక తీగ కట్టి, గోడకు జానెడు ఎడంగా రెండు బొంతలు మడతలు పడేలా వేలాడదీయండి. బొంత కనబడితే నామోషీ అనుకుంటే పైన పెడన కలంకారీ దుప్పటి కప్పుకోవచ్చు. కలంకారీ ఒక్కటీ కడితే మోత తగ్గుతుందనే మాట మాత్రం శుద్ధ అబద్ధం. ఆ పల్చటి నూలుగుడ్డ చూపుకే. అందులోనూ పెద్ద అచ్చులది ఎంచుకోండి, సన్న బుటాలు కెమెరాలో మిణుకుమిణుకుమంటాయి.

ఇక మైకు. ఖరీదైన కండెన్సర్ మైకుని బల్ల అవతల అందంగా నిలబెడితే అది మీతోపాటు గదినంతా వింటుంది. నోటికీ మైకుకీ దూరం సగం చేస్తే నేరుగా చేరే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత పెరగదు. పైసా ఖర్చు లేదు. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్ మైకు చాలాసార్లు గెలిచేది ఇందుకే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు చాలావరకు మైకు ఆన్ కాగానే పాత ఫోను గొంతుకి దిగిపోతాయి.

రికార్డింగులో 'గుయ్' మంటోందని మైకు మార్చేవాళ్లున్నారు. ముందు ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి చూడండి. ఎర్తింగు సరిగా లేని ఇళ్లలో ఆ మోత కరెంటుది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద నడిస్తే మరీ ఎక్కువ. సముద్రపు గాలికి చిలుమెక్కే ఊళ్లు మనవి కాబట్టి, వాడనప్పుడు మైకు సిలికా జెల్ పొట్లంతో మూతడబ్బాలో ఉండాలి.

"కిటికీ వెలుతురే చాలు" అనేవాళ్లనూ ఒప్పుకోను. అమెరికా తూర్పు తీరంలో వేసవి రాత్రి 8 గంటల క్లాసంటే మనకు తెల్లవారుజామున 5.30. ఆ వేళకు కిటికీలోంచి చాలినంత వెలుతురు రాదు. దీపం కావాలి. అలాగని రింగ్ లైటే అక్కర్లేదు, కళ్లద్దాల్లో దాని చక్రాలే కనబడతాయి. ఎల్‌ఈడీ టేబుల్ లైటుని ఎదురుగోడ సున్నం మీదికి తిప్పితే ముఖం మీద మెత్తగా పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు మొవ్వ మండలం కూచిపూడి పక్క చూడాలి. 2020 లాక్‌డౌన్ తర్వాత నాట్యం పాఠాలు వీడియో కాల్లోకి ఎక్కాయి. గురువు నట్టువాంగం తాళాలు మోగిస్తే అవతలి పిల్లకు ఒకటి వినిపించి రెండు మాయమవుతాయి. నెట్టు బాగాలేదని తిట్టుకుంటారు. నిజానికి ఆ కంచు మోతను రొద అనుకుని కోసేస్తున్నది యాప్. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' నొక్కితే తాళం తాళంగా వెళుతుంది. దాంతోపాటు ఫ్యాను మోత కూడా వెళుతుంది కనుక, ఉక్కగా ఉన్నా ఆ గంటసేపు ఫ్యాను ఆపాల్సిందే.